మాటల్లేని మంచి వీడియోలు: ఏవి చూపించాలి, ఎలా పంచుకోవాలి?

నరసన్నపేట మాస్టారు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో ఉంటున్నాను. ఉద్యోగ విరమణ తర్వాత ఆదివారం సాయంత్రాలు ఊరి రామమందిరం అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి కథలు చదివి వినిపించడం అలవాటు చేసుకున్నాను. ఈ మధ్య మా మేనల్లుడు ఒక చిన్న ప్రొజెక్టరు ఇచ్చి వెళ్లాడు. అప్పటి నుంచి కథ పూర్తయ్యాక గోడ మీద ఒకటి రెండు వీడియోలు కూడా వేస్తున్నాము. మా వైపు చాలా ఇళ్లలో తల్లిదండ్రులు విశాఖకో, చెన్నైకో, హైదరాబాదుకో పనులకు వెళ్లి ఉంటారు కనుక పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేది నాయనమ్మలు, తాతలే. అందువల్ల నేను వేసేది ఏడేళ్ల పిల్లకూ, డెబ్బై ఏళ్ల ముసలమ్మకూ ఒకేసారి నచ్చవలసి ఉంటుంది.

చిక్కంతా ఎంపిక దగ్గరే వస్తోంది. సరదా వీడియోలని వెతికితే ఎవరో జారిపడడం, ఎవరినో భయపెట్టి నవ్వుకోవడం, పసిపిల్లల చేత పెద్దల మాటలు పలికించడం, ఇవే వరుసగా వచ్చిపడుతున్నాయి. నాకు కావలసినవి అవి కావు. చూసినవారు పక్కవారి వైపు తిరిగి "ఇది ఎలా చేశారబ్బా" అని అడిగేటటువంటివి కావాలి. పది నిమిషాలకు మించకుండా, భాష రాకపోయినా అర్థమయ్యేలా ఉంటే మరీ మంచిది.

రెండో సంగతి పంపకం. మా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మంచి వీడియో కనిపించినప్పుడల్లా పెడుతూ ఉంటాను. అయితే శుభోదయాలూ, దేవుడి పటాలూ, పుట్టినరోజు కేకుల నడుమ అది ఎక్కడ కొట్టుకుపోతుందో తెలియదు. చూశామని చెప్పేవారు ఒకరిద్దరే. పైగా నాకు అందేవాటిలో చాలావాటికి చేసినవారి పేరే ఉండదు. ఎవరి పనినో మరెవరో కత్తిరించి, మూలన తమ ముద్ర వేసుకుని, వెనుక ఒక ఏడుపు పాట తగిలించి తిప్పుతున్నారు. అసలుదాన్ని పట్టుకోవడం ఎలాగో, పంపినదాన్ని నలుగురూ చూసేలా పంపడం ఎలాగో అనుభవమున్నవారు చెప్పగలరు.

గంటస్తంభం, విజయనగరం

మాస్టారూ, మీరు అడిగిన లక్షణాలన్నీ ఉన్న చిత్రం ఒకటి ఉంది, అది యూట్యూబు కంటే చాలా పాతది. కెనడా ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఫిల్మ్ బోర్డు తన పాత చిత్రాలలో అనేకం తన వెబ్‌సైటులో ఉచితంగా చూడడానికి ఉంచింది. వాటిలో 1957లో నార్మన్ మెక్‌లారెన్, క్లాడ్ జుత్రా కలిసి తీసిన 'ఎ చైరీ టేల్' అనే నలుపు తెలుపు చిత్రాన్ని ముందుగా వేయండి. దాదాపు పది నిమిషాలు ఉంటుంది, ఒక్క మాట ఉండదు. ఒకాయన పుస్తకం పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చోబోతే కుర్చీ పక్కకు తప్పుకుంటుంది. ఆయన వెంటపడతాడు, పెనుగులాడతాడు, పట్టించుకోనట్టు నేల మీద కూర్చుంటాడు, మళ్లీ బతిమాలుకుంటాడు. కుర్చీ మాత్రం లొంగదు. దానికి ఏం కావాలో చివరిలో తెలుస్తుంది, అది ఇక్కడ చెప్పను. కుర్చీని కొన్నిచోట్ల సన్నని దారాలతో లాగారు, కొన్నిచోట్ల ఒక్కొక్క ఫ్రేమునూ విడివిడిగా తీసి కలిపారు. ఏ కదలిక దేని వల్ల వచ్చిందో కనిపెట్టమంటే పెద్ద పిల్లలు రెండోసారి వేయమంటారు. ఇంకొక విశేషం, ఈ చిత్రానికి సంగీతం మన పండిట్ రవిశంకర్‌ది. తబలా చతుర్‌లాల్ వాయించారు. రవిశంకర్ సితారు మీద కుర్చీ అలకనూ, మనిషి విసుగునూ పలికించిన తీరు వింటే, సంగీత కళాశాల ఉన్న ఊరివాడిని కాబట్టి అంటున్నానని మీరు అనుకున్నా సరే, కళ్లు మూసుకుని కూడా కథ అర్థం చేసుకోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇదే మెక్‌లారెన్ 1952లో ఒక పువ్వు కోసం పొరుగువారిద్దరు తగవు పడే చిత్రం తీశారు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. మొదలు చూసి సరదాగా ఉందనుకుంటాము, కాని చివరకు వచ్చేసరికి కొట్లాట చాలా క్రూరంగా మారుతుంది. పిల్లల ముందు వేయదగినది కాదు. పేరున్న చిత్రమని నమ్మి, ముందు చివరిదాకా చూడకుండా గోడ మీద వేయకండి.

ఇక ఇంటర్నెట్టులోనే పుట్టి పేరు తెచ్చుకున్నవాటిలో పెస్ అనే కలం పేరుతో పనిచేసే అమెరికా దర్శకుడి వంట వీడియోలు నాకు చాలా ఇష్టం. 2008లో ఆయన చేసిన దానిలో పొయ్యి మంట స్థానంలో మొక్కజొన్న గింజ ఆకారంలోని పిప్పరమెంట్లు ఎగసిపడతాయి, మరిగే నీళ్ల స్థానంలో సామాను చుట్టి పంపే గాలిబుడగల ప్లాస్టిక్ కాగితం పొంగుతుంది. 2012లో చేసిన 'ఫ్రెష్ గ్వాకమోలీ'లో అవకాడో పండుకు బదులు చేతిబాంబును కోస్తారు, ఉల్లిపాయకు బదులు బేస్‌బాల్ బంతిని తరుగుతారు. కత్తి కింద పడ్డ బంతి ముక్కలు ముక్కలై పాచికలుగా మారిపోతుంది. నిమిషం నలభై సెకన్లకు మించని ఈ ముక్క ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఇందులో కంప్యూటరు మాయ లేదు. వస్తువును రవ్వంత జరపడం, ఫోటో తీయడం, మళ్లీ జరపడం, అంతే. నిజమైన కత్తి చప్పుడూ, నిజమైన ఉల్లి తరిగిన చప్పుడూ జతచేయడంతో కన్ను కాదన్నదాన్ని చెవి ఒప్పుకుంటుంది. సగం గమ్మత్తు ఆ చప్పుడులోనే ఉంది కనుక మీ ప్రొజెక్టరుకు మంచి స్పీకరు తగిలించండి.

ఒక వస్తువు మరొకదాన్ని తోసి, అది ఇంకొకదాన్ని తోసి సాగే గొలుసు యంత్రాలు కూడా అన్ని వయసులవారికీ నచ్చుతాయి. ఓకే గో అనే అమెరికా పాటల బృందం 2010లో ఒక గోదాము నిండా అలాంటి యంత్రాన్ని పరిచి తీసిన వీడియో ప్రసిద్ధం. పాట అర్థం కాకపోయినా నష్టం లేదు.

పొందూరు వాసి

పై జవాబులో చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి. కాని కుర్చీ కెనడాది, పండు మెక్సికోది, గోదాము అమెరికాది. మా పొందూరులో పత్తి ఏకే పద్ధతిని గోడ మీద వేస్తే మీ అరుగు మీది పిల్లలు "ఎలా చేశారబ్బా" అనరా?

చూడనివారి కోసం కాస్త వివరంగా రాస్తాను. సన్న ఖాదీకి పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడ మీద సన్నని పళ్లు దువ్వెనకు కూడా లేనంత దగ్గరదగ్గరగా ఉంటాయి. చిన్న పత్తి గుత్తిని వేళ్ల కొసలతో పట్టుకుని ఆ పళ్ల మీదుగా లాగుతూ ఉంటే నలక, ఆకు పొడి కింద రాలిపోతాయి, పోగులన్నీ ఒకే వైపుకు తిరిగి గింజ చుట్టూ పట్టులాగా మెరుస్తూ నిలబడతాయి. తర్వాత దాన్ని చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో ఒత్తి దొర్లిస్తే గింజ ముందుకు గెంతుతుంది, దూది వెనుక మిగులుతుంది. ఆ దూదిని సన్నని నారి కట్టిన వింటితో మీటి, ఏకులుగా చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఇందులో ప్రతి అడుగూ కంటితో చూసి అర్థం చేసుకోగలిగినదే, ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు.

నా అభ్యంతరమంతా వీటిని తీసే తీరు మీదనే. అర నిమిషం రీలుగా కత్తిరించి, దవడ ఒక సెకను, రాట్నం ఒక సెకను, అవ్వ నవ్వు ఒక సెకను చూపి, పైన హోరెత్తే పాట వేస్తే చూసినవాడికి ముసలావిడ ఏదో చేస్తోందని తప్ప ఏమీ తెలియదు. ఒక గుత్తి పత్తి ఏకడం మొదలుపెట్టి పూర్తయ్యేదాకా కెమెరాను కదపకుండా, ఆ గీరే చప్పుడుతో సహా ఉంచిన వీడియో దొరికితే దానిని పంచుకోండి. మా వైపు జానపద నృత్యమైన తప్పెటగుళ్లు కూడా అంతే. రొమ్ముకు కట్టుకున్న తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ అందరూ ఒక్కసారి గెంతి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టేటప్పుడు ఆ కాళ్లు కనిపించాలి. ముఖాల మీదికి కెమెరా తోసేసి తీసిన వీడియోలో కాళ్లే ఉండవు, ఇక ఆ కట్టడం ఎలా నిలిచిందో పిల్లవాడికి ఏం తెలుస్తుంది?

బొబ్బిలి వీణ

పంపకం సంగతి నేను చెబుతాను, ఆఫీసులో నా పని కూడా ఇదే కోవకు చెందినది.

మాస్టారూ, వీడియో ఫైలును పంపకండి, లింకునే పంపండి. ఫైలుగా పంపితే వాట్సాప్ మామూలుగా దానిని కుదించి మసకబారుస్తుంది, చేసినవారి పేరూ, కింద వారు రాసుకున్న వివరణా, ఉపశీర్షికలూ అన్నీ ఊడిపోతాయి. ఎంతమంది చూసినా ఆ లెక్క అసలువారి ఖాతాలో పడదు. మీకు వచ్చిన ఫైలు మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఇప్పటికే చాలా చేతులు మారిందని అర్థం. ఇలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కు మించి పంపడానికి వీలులేకుండా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ కట్టడి పెట్టింది. అంతకుముందే, 2018లో, మన దేశంలో ఏ సందేశాన్నయినా ఒకసారికి 5 చాట్‌లకే పంపేలా పరిమితి విధించింది. పుకార్లను ఆపడానికి పెట్టిన ఆ గుర్తు, పేరు చెరిపేసిన వీడియోలను గుర్తుపట్టడానికి కూడా మనకు ఉపయోగపడుతోంది.

అసలుదాన్ని పట్టుకోవాలంటే వీడియోను స్పష్టమైన చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. వచ్చిన ఫలితాలలో అన్నిటికంటే పాత తేదీ ఉన్నదాన్నీ, అంచులు కత్తిరించకుండా నిండుగా ఉన్నదాన్నీ తెరవండి. బొమ్మలో గోడ మీది అక్షరాలు తిరగబడి అద్దంలోలాగా కనిపిస్తే, కాపీలను పట్టుకునే యంత్రం పసిగట్టకుండా ఎవరో కుడి ఎడమలు మార్చి ఎక్కించారని అనుకోవచ్చు.

నలుగురూ చూడాలంటే లింకుతో పాటు మీ మాట ఒకటి ఉండాలి. "చాలా బాగుంది, తప్పక చూడండి" అనే మాటను ఇప్పుడు ఎవరూ నమ్మరు. అదే "కుర్చీకి ఏం కావాలో ఆరో నిమిషంలోపు చెప్పగలరా" అని రాసి చూడండి. కథ బయటపెట్టకూడదు, దేనికోసం చూడాలో మాత్రం చెప్పాలి. వారానికి ఒకటి చాలు, అదీ ఒకే రోజున, ఒకే వేళకు. వీలైతే అడ్మిన్లు మాత్రమే సందేశం పెట్టగల వేరే గ్రూపు ఒకటి తెరవండి, శుభోదయాలతో మీ పాత గ్రూపు దాని దారిన అది సాగుతుంది.

పొందూరు వాసి గారి మాటకు ఒకటి కలుపుతాను. నోరు మెదపకుండా చేతిపని చూపించే వీడియోలన్నీ నిజమైనవి కావు. జాన్ ప్లాంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2015 నుంచి 'ప్రిమిటివ్ టెక్నాలజీ' అనే ఛానల్లో అడవిలో దొరికే మట్టి, రాయి, కర్రలతోనే గుడిసెలు, కొలుములు, కుండలు చేసి చూపిస్తున్నాడు. ఒక్క మాట మాట్లాడడు, ఉపశీర్షికలు నొక్కితే మాత్రం చేసే పని వివరం వస్తుంది. ఆయనను చూసి పుట్టుకొచ్చిన అనుకరణలలో కొందరు ఉత్త చేతులతో ఈతకొలనులు తవ్వినట్టు చూపారు, తెర వెనుక యంత్రాలతో తవ్వించిన సంగతి తర్వాత బయటపడింది. మట్టి పోసిన కుప్ప కనిపించకుండా గొయ్యి మాత్రం కనిపిస్తే అనుమానించాలి. ఆపదలో ఉన్న జంతువులను కాపాడే వీడియోలయితే ఇంకా ఘోరం, ఆపదలోకి నెట్టేది కూడా కొన్నిచోట్ల వారే. ఆ కోవవి అసలు పంచుకోవద్దని నా మనవి.

ప్రొజెక్టరు మీద వేసే ముందు ఆటోప్లే ఆపేయడం మరచిపోకండి. లేదంటే కుర్చీ అయిపోయిన మరుక్షణం ఏమి వస్తుందో మీ చేతిలో ఉండదు.

నరసన్నపేట మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న కుర్చీ చిత్రం వేశాను, ఆ ముచ్చట చెప్పకుండా ఉండలేను. పిల్లలు కుర్చీ పరుగులు చూసి నవ్వుతూ ఉండగా, సగం కూడా కాకముందే వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ "ఓలమ్మ, అది అలిగిపోనాదర్రా! దాన్ని ఓపాలి కూకోబెట్టండి ముందు" అని గట్టిగా అంది. బొబ్బిలి వారు చెప్పిన ఆరో నిమిషం దాకా కూడా ఆగలేదు. చివరికి వచ్చేసరికి అరుగంతా ఆవిడ వైపు తిరిగి చూసింది.

వంట వీడియోకు మాత్రం అంత స్పందన రాలేదని చెప్పాలి. మా పిల్లలకు అవకాడో తెలియదు, బేస్‌బాల్ తెలియదు. ఏ వస్తువు దేనికి బదులు వచ్చిందో తెలిస్తేనే కదా అందులోని చమత్కారం పట్టుబడేది. ఒక పిల్లవాడు మాత్రం, బంతిని ఉల్లిపాయ చేసినప్పుడు మన చింతపిక్కలను చీమలు చేయలేమా అని అడిగాడు. ఇది మామూలు ఫోనుతో సాధ్యమేనా?

పలాస జీడితోట

సాధ్యమే మాస్టారూ. నేను ఇంజనీరింగు చదువుతున్నాను, మా తమ్ముడితో కలిసి ఇలాంటివి చేస్తూ ఉంటాను. చింతపిక్కలనే తీసుకోండి. మా ఊళ్లో కాళ్లకూ చేతులకూ తగిలేవి జీడిపిక్కలే అయినా పిల్లల చేతికి అవి ఇవ్వకూడదు, పెంకు పగిలితే దానిలోని జీడి చర్మాన్ని పొక్కిస్తుంది.

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు ఉంటాయి. ఇలాంటి పనికి 12 చాలు. అంటే ఇరవై సెకన్ల చీమల బారుకు 240 ఫోటోలు కావాలి, పది మంది పిల్లలుంటే ఒక పూట పని. 'స్టాప్ మోషన్ స్టూడియో' అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. అంతకుముందు తీసిన ఫోటోను తెర మీద లీలగా చూపిస్తుంది కనుక పిక్కను ఎంత జరిపామో తెలుస్తుంది.

కష్టమంతా వెలుతురుతో వస్తుంది. కిటికీ దగ్గర తీస్తే ఎండ జరుగుతున్న కొద్దీ నీడ జరుగుతుంది, మబ్బు పడితే బొమ్మ ఒక్కసారి నల్లబడుతుంది, వీడియోగా కలిపాక అంతా మినుకుమినుకుమంటుంది. తలుపులు మూసి, ఒకే దీపం పెట్టుకుని తీయండి. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురూ మారకుండా తాళం పడుతుంది. ఫోనును కదలకుండా కట్టేయాలి. రెండు ఇటుకల మధ్య ఇరికించి, మీట నొక్కే పని ఇయర్‌ఫోను తీగ మీది బొత్తానికి అప్పగిస్తే చెయ్యి తగిలి ఫోను జరిగే బాధ ఉండదు. పైన ఫ్యాను ఆపేయాలి, ఎంత ఉక్కగా ఉన్నా సరే.

పిక్కలన్నీ ఒకే దూరం జరిగితే మరబొమ్మలలాగా ఉంటాయి. ముందు నడిచేదానిని కొంచెం ఎక్కువ, చివరిదానిని తక్కువ జరపండి, మధ్యలో ఒకటి దారి తప్పి వెనక్కు వచ్చేలా చేయండి. చూసేవాళ్లంతా దాని వైపే చూస్తారు. చివరన పిల్లలందరి పేర్లూ వేయండి మాస్టారూ, వాళ్లు దానికోసమే పంపుకుంటారు. పసిపిల్లల ముఖాలు మాత్రం బయట పెట్టకుండా చేతులు కనిపిస్తే చాలు.

నరసన్నపేట మాస్టారు

చాలా వివరంగా చెప్పావు తల్లీ, సంతోషం. దసరా సెలవుల్లో చింతపిక్కల పని మొదలుపెడతాము. పొందూరు వాసి గారికి ఒక మనవి. మీరు చెప్పినట్టు కదలని కెమెరాతో, మొదటి నుంచి చివరిదాకా ఏకడం చూపించే వీడియో నాకు వెతికినా దొరకలేదు. మా పెద్ద పిల్లలను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి మేమే తీసుకోవచ్చునా?

పొందూరు వాసి

తప్పకుండా రండి. ఆదివారం కాకుండా పని జరిగే రోజున, పొద్దున్నే వస్తే మంచిది. నేను ముందుగా ఏకేవారిని అడిగి ఉంచుతాను. వారు సరేనంటేనే తీద్దాము. ఎక్కడ పెడతామో, ఎవరు చూస్తారో కూడా వారికి చెప్పాలి, పని ఆగినంతసేపటి కూలి మనమే ఇవ్వాలి. తీసిన వీడియోలో వారు వద్దనకపోతే వారి పేరు పెట్టండి. ఫోనును మనిషి ఎత్తులో పెట్టకండి, ఆవిడ కూర్చున్న పీట ఎత్తులో పెడితేనే దవడ పళ్లు కనిపిస్తాయి. పలాస అమ్మాయి చెప్పిన రెండు ఇటుకలు మా ఇంట్లో ఉన్నాయి, మోసుకు రానక్కరలేదు.